అక్క ఉన్న చోటల్లా

ఆ బట్టల కార్ఖానాలో అతని అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ కత్తెర. పొరలు పొరలుగా పరిచిన చొక్కా గుడ్డ మీద సుద్దముక్కతో గీత గీసి, ఆ గీత మీదే కోసుకుపోవడం అతని పని. పొద్దున్నే కటింగ్ బల్ల దగ్గర నిలబడితే భోజనం గంట కొట్టేదాకా కూర్చునే వీలుండదు. పెద్దగా మాట్లాడడు. మాట్లాడితే మాత్రం పక్కవాడు నవ్వాపుకోవడానికి మొహం గుడ్డలో దాచుకోవాలి. మేనేజరు కొత్త చొక్కా తొడుక్కొచ్చిన రోజు, "బాబుగారి భుజాలు ఒకటి ఆఫీసులో, ఇంకోటి క్యాంటీన్లో ఉన్నాయేంట్రా" అన్నది అతనే.

అలాంటి మనిషి పుస్తకం రాస్తున్నాడంటే మొదట్లో ఎవరూ నమ్మలేదు. చొక్కాల నమూనాలు కోసే ఖాకీ కాగితాల వెనకవైపు రాసేవాడు. చేతి నమూనా మీద ఒక పేజీ, కాలరు నమూనా మీద సగం పేజీ. గంట కొట్టాక డబ్బా మూత తియ్యకముందు ఒక పేరా, తిన్నాక ఒక పేరా.

"ఏంటి కత్తెరా, వీలునామానా?" అని కుట్టుమిషన్ల దగ్గర్నుంచి ఆడవాళ్ళు కేకేసేవారు.

"ఆస్తి ఉంటేగా! మా అక్క గురించి."

"అక్క గురించి ఏం రాస్తావయ్యా?"

"అదే చూస్తున్నా. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు."

తెలియకపోవడానికి కారణం ఉంది. ఆవిడ బతుకులో కథలు చెప్పుకునేంత పెద్ద విషయం ఒక్కటీ జరగలేదు. తండ్రి పోయిన ఏడాదే బడి మానిపించి ఆవిణ్ణి పెద్దాసుపత్రి లాండ్రీలో పెట్టారు. దుప్పట్లు, రోగుల గౌన్లు, ఆపరేషన్ల గదిలోని ఆకుపచ్చ గుడ్డలు, అన్నీ మరిగే నీళ్ళలోంచి తేలి ఆవిరి గదిలోకి వచ్చేవి. వాటిని వేడి రోలరు కింద పెట్టి, అటువైపు నుంచి లాగి, మడత వెయ్యాలి. రిటైరయ్యేదాకా అదే పని. ఆఖరి రోజుల్లో ఆసుపత్రిలో వేలిముద్రల హాజరు మిషను పెడితే ఆవిడ ఏ వేలు పెట్టినా మిషను ఒప్పుకోలేదు. అన్నేళ్ళ వేడికి వేళ్ళ మీది గీతలు అరిగిపోయాయి. "నేను రాలేదంటోందిరా మిషను" అని ఇంటికొచ్చి తమ్ముడికి చెప్పి నవ్వింది.

ఇంట్లో తల్లి కూడా ఉండేది. ఆవిడ ఏ పనికీ పోలేదు, కానీ జీతాల రోజున లాండ్రీ గేటు దగ్గరికి ఎప్పుడూ ఆలస్యంగా రాలేదు. కూతురు బయటికి రాగానే కవరు చేతిలోంచి లాక్కునేది. కవరు అంచు చిరిగినట్టు కనిపిస్తే అక్కడే, పదిమంది చూస్తుండగానే చెంప మీద ఒకటి వేసేది. కూతురికి సంబంధాలు రాలేదని కాదు. పిల్ల వెళ్తే కవరు వెళ్తుంది కాబట్టి ఒకణ్ణి పొట్టి అని, ఒకణ్ణి పొగరు అని, ఒకణ్ణి మరీ మంచివాడిలా ఉన్నాడని తిప్పి పంపింది. తమ్ముడు చదువుకున్న నాలుగు ముక్కలూ, నేర్చుకున్న కటింగూ ఆ కవర్లోంచి అక్క ముందే తప్పించి దాచిన దాంతోనే. చెంపదెబ్బలు అందుకే.

తల్లి పోయాక అక్కా తమ్ముడూ రెండు గదుల వాటాలో మిగిలారు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ఇద్దరివీ ఒకేసారి చేద్దామనుకున్నాం. మొదటిది వెనకబడింది, రెండోది దానికోసం ఆగింది" అనేవాడు కత్తెర.

మొదటి పేజీ రాసిన రోజు ఇంటికొచ్చి అక్కకి చదివి వినిపించాడు. ఆవిడ విన్నంతసేపూ తువ్వాలు మడతపెట్టి విప్పి, మళ్ళీ మడతపెట్టింది. అయ్యాక ఒకటే అడిగింది.

"నన్ను అక్క అనే రాయి."

"మరింకేమని రాస్తాను?"

"రాస్తావు. అమ్మ తర్వాత అమ్మ, అమ్మ కంటే ఎక్కువ, ఆ సోదంతా. నేను రిటైరైన రోజున సూపరింటెండెంటు కూడా అదే కూశాడు, తమ్ముడికి తల్లయిన దేవత అని. అమ్మని నేను చూశాన్రా చిన్నోడా. ఆ పోలిక నాకొద్దు. నేను అక్కని. నాకున్నది అదొక్కటే."

"ఒట్టు, అలాగే రాస్తాను."

"ఒట్లు తర్వాత. అచ్చులో చూపించు."

అలా మొదలైంది. ఆవిడ పైకి విసుక్కునేది గానీ, అతను రాసుకుంటుంటే దీపం దగ్గరికి జరిపేది. "రోలరు పక్కన ఎర్ర బకెట్టు ఉండేది, రాశావా?" అని గుర్తుచేసేది. పుస్తకానికి 'ఆవిరి గదిలో అక్క' అని పేరు పెట్టినప్పుడు మాత్రం ఏమీ అనలేదు. మర్నాడు కుట్టుపని చేసే పక్కింటావిడతో, "మావాడు నా మీద పుస్తకం వేస్తున్నాడు" అనడం గోడ ఇవతల కత్తెర విన్నాడు.

రాయడమే సులువని అతనికి తర్వాత తెలిసింది.

మొదట పేరున్న ప్రచురణ సంస్థకి వెళ్ళాడు. అద్దాల బీరువాలు, వాటి ముందు ఒక బల్ల, బల్ల వెనక ఒక గుమాస్తా. కత్తెర సంచీలోంచి కట్ట తీసి పెట్టాడు. గుమాస్తా పైకాగితం ఎత్తి చూశాడు.

"ఏంటండీ ఇది, చొక్కానా?"

"చేతి నమూనా అండీ. వెనక రాసుంది."

"టైపు చేయించుకు రండి. ఇంతకు ముందు మీ పుస్తకాలేమైనా వచ్చాయా?"

"లేదండీ, ఇదే మొదటిది."

"మొదటివి మేం వెయ్యమండీ. రెండోది పట్టుకురండి."

"మొదటిది ఎవరూ వెయ్యకుండా రెండోది ఎట్లా వస్తుందండీ?"

గుమాస్తా ఆలోచించాడు. ఆ ప్రశ్న అతన్ని అంతకు ముందు ఎవరూ అడిగినట్టు లేదు. "అది రచయితలు చూసుకోవాలండీ" అన్నాడు చివరికి.

టైపు చేయించాక రెండో చోటికి వెళ్ళాడు. వాళ్ళకి చదివి నిర్ణయించే సంఘం ఒకటి ఉంది. కాగితాలు జారిపోకుండా కత్తెర కట్ట చుట్టూ తెల్లదారంతో టాకా వేసి ఇచ్చాడు, తాత్కాలికంగా గుడ్డ అంచులు పట్టి ఉంచడానికి వేసే పొడుగు కుట్టు అన్నమాట. నెలల తరబడి "పరిశీలనలో ఉంది" అన్నారు. తర్వాత కట్ట తిరిగొచ్చింది. పైన చీటీ: 'మీ రచన ఆసాంతం చదివి ఆనందించాం. ప్రస్తుతం మా ప్రణాళికలో ఇమడదు.' కత్తెర కట్టని అటూ ఇటూ తిప్పి చూశాడు. టాకా ఒక్క పోగు కూడా తెగలేదు.

"ఏమన్నార్రా?" అని అడిగింది అక్క.

"ఆనందించారంట."

మూడోది బస్టాండు ఎదురుగా, మందుల దుకాణం పైన. మెట్ల నిండా అట్టపెట్టెలు, పైన ఒకే గది. ఆ ప్రచురణకర్త మర్యాదస్థుడు. కుర్చీ మీది పుస్తకాలు తీసి మరీ కూర్చోబెట్టాడు. కొత్తవాళ్ళ పుస్తకాలు వెయ్యడం ఆయన వ్యాపారం. షరతులు కూడా ముందే చెప్పేశాడు.

"రాత మీది మాస్టారూ, ఖర్చూ మీదే. పరపతి నాది. లైబ్రరీలకి నేను పంపిస్తాను, సభ నేను పెట్టిస్తాను. ఒక్కటే, పెద్దాయన చేత ముందుమాట రాయించుకోవాలి. ముందుమాట లేని మొదటి పుస్తకం, సిఫారసు లేకుండా ఉద్యోగానికెళ్ళినట్టే. గుమ్మంలోనే పడుంటుంది."

ఖర్చు అక్క ఇచ్చింది, రిటైరైనప్పుడు చేతికొచ్చిన దాంట్లోంచి. కత్తెర వద్దంటే వినలేదు. "ఈ కవరు కోసం గేటు దగ్గర ఎవరూ నిలబడరులే, తీసుకో" అంది.

పెద్దాయన ఇల్లు ఊరికి అవతలి చివర. ఆయన సొంత పుస్తకాలు వచ్చి చాలా కాలమైంది గానీ, ఊళ్ళో ఏ కొత్త పుస్తకం తెరిచినా మొదటి పేజీల్లో ఆయనే ఉంటాడు. పడక్కుర్చీలో వాలి కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని, "ఏం పని చేస్తావబ్బాయ్?" అని అడిగాడు.

"కటింగ్ మాస్టర్నండీ."

"మంచిది. బడిపంతుళ్ళే రాయాలి. వదిలేసి వెళ్ళు, చూస్తాను."

కత్తెర సరిదిద్దలేదు. తర్వాత వెళ్ళినప్పుడల్లా కట్ట తను పెట్టిన చోటే, కిటికీ పక్కన ఉండేది. దాని మీద ఒకసారి దినపత్రిక, ఒకసారి కళ్ళజోడు డబ్బా, ఒకసారి పిల్లి. పని మానుకుని వెళ్ళిన ప్రతిసారీ, "నాకు గుర్తుందబ్బాయ్, నువ్వు తొందరపెట్టకు" అనేవాడు పెద్దాయన. చివరికి ఒక రోజు మందుల దుకాణం పైనుంచి ఫోనొచ్చింది. ముందుమాట వచ్చేసింది, రమ్మని.

ప్రచురణకర్త దాన్ని నిలబడి చదివాడు, అంత గౌరవంగా. "'లోకంలో ఎన్ని బంధాలున్నా తల్లి తల్లే. ఈ ఉపాధ్యాయ రచయిత తన కన్నతల్లి గురించి రాసిన ఈ పుటలు తిరగేస్తుంటే నాకు మా అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మ…'" అక్కణ్ణుంచి రెండు పేజీలూ పెద్దాయన గారి అమ్మ.

కత్తెర కుర్చీలోంచి లేచాడు. "అమ్మ అంటున్నారేంటండీ? నేను రాసింది మా అక్క గురించి."

"అలాగా?" అన్నాడు ప్రచురణకర్త.

"మీరు కూడా చదవలేదా?"

"అయ్యో, చదవకుండా ఎలా వేస్తామండీ! పైపైన చూశాను. ఆవిరి బాగుంది."

"పెద్దాయనకి చెప్పి మార్పించండి."

"ఎవరికి, ఆయనకా? అయ్యా మీరు పుస్తకం చదవకుండా ముందుమాట రాశారు అని ఆయన మొహం మీద నేను చెప్పాలా? రేపట్నుంచి నాకు ఈ ఊళ్ళో ఇంకో ముందుమాట పుడుతుందా?" ఆయన కాగితాలు జాగ్రత్తగా ఫైలులో పెట్టాడు. "చూడండి మాస్టారూ, ముందుమాట మార్చలేం. పుస్తకం మార్చుకుందాం."

కత్తెరకి ముందు అర్థం కాలేదు.

"అక్క బదులు అమ్మ అనండి, అంతే కదా. నిజం చెప్పాలంటే మీకు మేలే. అమ్మ ప్రతివాడికీ ఉంటుంది. అక్క అందరికీ ఉంటుందా? లేనివాడు ఎందుకు కొంటాడు?"

"మా అమ్మ కూడా ఉందండీ పుస్తకంలో. ఆవిడ వేరు."

"ఉంటే ఏం, ఇద్దరమ్మలు. పెద్దమ్మో పిన్నమ్మో అనుకుంటారు." పుస్తకాల ప్రదర్శన దగ్గరపడిందనీ, అది దాటితే మళ్ళీ ఏడాది ఆగాలనీ, ప్రెస్సు వాళ్ళు కాగితం కూడా కోసేశారనీ చెప్పాడు. "మొదటి పుస్తకం బయటపడటమే గొప్ప సంగతి. రెండో ముద్రణలో మీ అక్కని హాయిగా పెట్టుకోండి."

మర్నాడు పనిలో కత్తెర గీత తప్పాడు. పొరలన్నీ తప్పు కొలతకి తెగాయి. ఇన్నేళ్ళలో అలా జరగలేదు. మేనేజరు తిట్టినా తిరిగి ఒక్క చురక కూడా వెయ్యలేదు. సాయంత్రం మందుల దుకాణం మెట్లెక్కి, "సరేనండీ. కానీ నేనే కూర్చుని మారుస్తాను. ఎక్కడ ఎవరో నాకే తెలుసు" అన్నాడు.

"మీకెందుకండీ శ్రమ? కంప్యూటరు ఉన్నది దేనికి? మీట నొక్కితే క్షణంలో అయిపోతుంది."

కత్తెర తలూపాడు. ఇంటికెళ్ళి అక్కకి చెప్పలేదు. చెప్పాలనుకున్నాడట. ఆవిడ అప్పటికి సభకి కట్టుకోవాల్సిన చీర తీసి తలగడ కింద మడత పెట్టుకుంది.

ముందుమాట ప్రూఫు పెద్దాయన ఇంటికి మూడు విడతలు వెళ్ళొచ్చింది. 'మా అమ్మ' తర్వాత కామా పడలేదని ఒకసారి, పడ్డ కామా బాగాలేదని ఒకసారి తిప్పి పంపాడు. పుస్తకం మాత్రం ఎవరి చేతా దిద్దించకుండా తిన్నగా ప్రెస్సుకి వెళ్ళింది.

పుస్తకాల కట్టలు దిగాయని తెలిసి కత్తెర వెళ్ళేసరికి ప్రచురణకర్త బయటికి వెళ్ళాడు. మూలన కంప్యూటరు ముందు ఆపరేటరమ్మాయి ఉంది. కట్ట తాడు కోసి ఒక ప్రతి చేతిలో పెట్టింది. 'ఆవిరి గదిలో అమ్మ'. దానికి అతను సిద్ధపడే వచ్చాడు. మధ్యలో తెరిచి చదివాడు.

'అమ్మడ ఎర్ర బకెట్టు ఉండేది.'

ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూశాడు. ఇంకో పేజీ తిప్పాడు. 'నాకేమీ అమ్మర్లేదని చెప్పింది.' ఇంకోటి. 'తోటి పనివాళ్ళకి ఆమె మీద ఎంత అమ్మసో!' చిన్నప్పుడు జ్వరం వచ్చిన ఘట్టం వెతికాడు. అక్క తనని అక్కున చేర్చుకున్న చోట, 'అమ్మ నన్ను అమ్మున చేర్చుకుంది' అని ఉంది.

"ఏంటమ్మా ఇది?"

అమ్మాయి వచ్చి తొంగిచూసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అక్క ఉన్న చోటల్లా అమ్మ పెట్టమన్నారండీ. పెట్టాను. 'అక్కడ'లో కూడా అక్క ఉందని నాకేం తెలుసు?"

కత్తెర అప్పటికి గేటు దగ్గరి పేజీ తీశాడు. ఆ వాక్యం రాయడానికే అతనికి ఒక వారం పట్టింది. ఇప్పుడది ఇలా ఉంది: 'అమ్మ అమ్మ చేతిలోంచి జీతం కవరు లాక్కుని, అమ్మని అమ్మడే కొట్టింది.'

ఎవరు ఎవర్ని కొట్టారో ఇక ఎవరికీ తెలియదు.

ప్రచురణకర్త వచ్చాక పెద్ద గొడవేమీ జరగలేదు. ఆయన రెండు పేజీలు చూసి నాలుక కరుచుకుని, "కంప్యూటరుతో ఇదేనండీ చిక్కు, మనిషి కాదు కదా" అన్నాడు. తర్వాత, "అయినా ఎవరు చూస్తారండీ? సభకొచ్చేవాళ్ళు చదివి వస్తారా?" అన్నాడు. అది మాత్రం అబద్ధం కాదు. మళ్ళీ వేయించాలంటే మళ్ళీ అంత ఖర్చూ పెట్టుకోవాలి. కత్తెర ఒక్క ప్రతి కూడా పట్టుకెళ్ళకుండా మెట్లు దిగాడు.

"ఏదిరా పుస్తకం?" అంది అక్క గుమ్మంలోనే.

"ఇంకా ఆరలేదక్కా. సభలో చూద్దువుగాని."

"అచ్చు కూడా ఆరెయ్యాలా? ఆరెయ్యడం గురించి నాకే చెప్తున్నావా!" అని నవ్వింది.

సభ లైబ్రరీ హాల్లో. ప్లాస్టిక్ కుర్చీలు, ప్రతి కుర్చీలో ఒక పుస్తకం. ఖాళీగా మిగిలిపోయే కుర్చీల్లో కూడా పెట్టారు. కార్ఖానా నుంచి కుట్టుమిషన్ల ఆడవాళ్ళు వచ్చి వెనక వరసలో సర్దుకున్నారు. అక్క మూడో వరసలో అంచున కూర్చుంది. తలగడ కింద మడతలు నిలిచిన చీర. ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని, అట్ట మీది పేరు చూసింది. అట్టని వేలితో రుద్దింది, మరకేమో అన్నట్టు. తర్వాత లోపలికి తెరిచింది. ఆవిడ చదివేటప్పుడు అక్షరం కింద వేలు పెట్టి జరుపుకుంటూ పోతుంది. వేదిక మీంచి కత్తెరకి ఆ వేలు కనిపిస్తూనే ఉంది. పెద్దాయన వాళ్ళ అమ్మ గురించి మాట్లాడినంతసేపూ అది కదిలింది. ఒక పేజీ దగ్గర ఆగింది. మళ్ళీ కదల్లేదు.

తర్వాత విమర్శకుడు లేచాడు. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, ఆ సాయంత్రం పుస్తకం తెరిచి చూసిన ఒకే ఒక్క వక్త. అదే ప్రమాదమైంది.

"ఈ రచయిత భాష చూడండి. మనమంతా 'అక్కడ' అంటాం. ఈయన 'అమ్మడ' అంటాడు! నేను ఉలిక్కిపడ్డాను. తర్వాత తట్టింది. అమ్మ ఉన్న చోటే కదా అక్కడ! అమ్మ ఉన్న చోటు, అమ్మడ! 'అమ్మర్లేదు' అన్నాడు, అంటే అమ్మ ఉండగా ఇంకేదీ అవసరం లేదని. ఏ నిఘంటువులోనూ లేని మాటలివి. ఏ మారుమూల పలుకుబడిలోంచి ఏరుకొచ్చాడో గానీ, మాటల్ని పుట్టించే మనిషి పుట్టాడని చెప్పడానికి గర్విస్తున్నాను!"

హాలు చప్పట్లతో మోగింది. పుస్తకాలు పంచిన ఆపరేటరమ్మాయి తలుపు దగ్గర నిలబడి తల దించుకుంది.

కత్తెర జేబులో ఖాకీ కాగితం ముక్క ఉంది. ఇది మా అక్క కథ, అచ్చులో పొరపాటు జరిగింది, క్షమించండి అని మూడు వాక్యాలు రాసుకొచ్చాడు. మైకు ముందుకి వచ్చాడు. మేనేజరు కూడా వచ్చి నిలబడి ఉన్నాడు, చేతులు కట్టుకుని. ఇన్నాళ్ళూ కత్తెరని చూసి ఎవరూ చేతులు కట్టుకోలేదు.

"ఆ మాటలూ…" అని ఆగాడు. విమర్శకుడు ముందుకి వంగి చిరునవ్వుతో వింటున్నాడు. "ఆ మాటలు మా ఇంట్లో అలాగే అనేవాళ్ళమండీ."

మళ్ళీ చప్పట్లు. పెద్దాయన మైకు లాక్కున్నాడు. "అబ్బాయ్, ఆ మహాతల్లి వచ్చిందా?"

కత్తెర చెయ్యి మూడో వరస వైపు లేచింది. అందరూ వెనక్కి తిరిగారు. ఎవరైనా పైవాళ్ళు పిలిస్తే లేచి నిలబడటం లాండ్రీలో అలవాటు. ఆవిడ లేచి నిలబడింది. "అమ్మా, మీ కడుపు చల్లగా!" అన్నాడు పెద్దాయన. ఎవరో ఆవిడ చేతిలో పూలగుత్తి పెట్టారు. కుట్టుమిషన్ల ఆడవాళ్ళలో ఒకామె, "అదేంటి, అక్క కదూ?" అంది పైకే. పక్కామె మోచేత్తో పొడిచింది.

బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీటు దొరికింది. కత్తెర కిటికీలోంచి చూస్తూ, "వాళ్ళే మార్చారక్కా. నేను ఒప్పుకోకపోతే వెయ్యనన్నారు" అన్నాడు. ఆవిడ పూలగుత్తికి చుట్టిన ప్లాస్టిక్ కాగితం సాపు చేస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్న కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టి, "తీసుకోండి" అంది.

వేళాకోళమనుకున్నాడు. "ఎవర్ని అంటున్నావక్కా, నన్నా?"

"రచయితలు కదండీ."

ఆ రోజునుంచి ఒరేయ్ లేదు, చిన్నోడా లేదు. కోపం లేదు, అలకా లేదు. వంట మానలేదు, బట్టలు ఉతకడం మానలేదు, అడిగినదానికి జవాబు చెప్పడం మానలేదు. వచ్చారా, తిన్నారా, తలుపు వేసుకోండి. ఆసుపత్రిలో డాక్టర్లతో ఎలా మాట్లాడేదో అలా. పక్కింటావిడ పుస్తకం అడిగితే, "ఎవరి మీదో రాశారమ్మా, నాకు తెలీదు" అంది.

పత్రికలో సమీక్ష వచ్చింది, 'అమ్మడ' అనే శీర్షికతో. లైబ్రరీల వాళ్ళు తీసుకున్నారు. ప్రచురణకర్త ఫోను చేసి, రెండో ముద్రణకి వెళ్దాం రమ్మన్నాడు, ఈసారి ఖర్చు తనదే అన్నాడు. కత్తెర పరుగున మెట్లెక్కాడు.

"ఈసారి మా అక్కని అక్కే అని వెయ్యండి. ఆ తప్పులన్నీ తీసెయ్యండి."

"తప్పులా? మాస్టారూ, మీకు పిచ్చా! జనం అడుగుతున్నదే ఆ మాటల కోసం. 'అమ్మడ' తీసేస్తే ఇంక పుస్తకంలో ఏముంది, ఆవిరి తప్ప? ఒక్క అక్షరం ముట్టుకోను." కాగితం ముందుకి జరిపాడు. "మీ మాటలేనని సభలో మీరే చెప్పారుగా. సంతకం పెట్టండి."

కత్తెర కాగితం పూర్తిగా చదివాడు. కింద గీత గీసి ఉంది. ఆ గీత మీద సంతకం పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అక్క మంచం మీద దుప్పటి మడతపెడుతోంది, ఆసుపత్రి మడత, అంచుకి అంచు. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అన్నాడు, "అక్కా, రెండో ముద్రణ వేస్తున్నారు. దాంట్లో అంతా సరిచేయిస్తాను. నిన్ను అక్క అనే వేయిస్తాను."

ఆవిడ తల ఎత్తలేదు.

"అమ్మర్లేదండీ" అంది. "భోజనం అమ్మడ పెట్టాను, తినండి."

అతని రెండో చెప్పు కాలికే ఉండిపోయింది.

"మన ఇంట్లో అలాగే అంటాం కదండీ" అని దుప్పటి రెండో మడత వేసింది.